గంటల కోసం కాదు, కేసుల కోసం: పశువైద్యంలో చదువు కొనసాగించిన నా అనుభవం

వెటర్నరీ డాక్టర్లకి లైసెన్స్ రెన్యువల్ అనగానే ముందు గుర్తొచ్చేది గంటల లెక్క. ఇన్ని గంటల నిరంతర విద్య పూర్తయిందని సర్టిఫికెట్లు చూపించాలి. ఆ లెక్క ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది. బ్రిటన్‌లో రాయల్ కాలేజ్ ఆఫ్ వెటర్నరీ సర్జన్స్ ఏడాదికి 35 గంటలు అడుగుతుంది. రాత్రి క్లినిక్ మూసేసి వచ్చి ఒక వెబినార్ పెట్టుకుని, చివర్లో వచ్చే ప్రశ్నలకి జవాబులు నొక్కితే గంట జమ పడుతుంది. చాలా ఏళ్లు అలాగే జరిగింది. కిందటి రెన్యువల్‌కి మాత్రం, గంటలన్నీ నా టేబుల్ మీదికి వచ్చే జంతువులు తెచ్చిపెట్టే ప్రశ్నలకే ఖర్చుపెట్టాలని నిర్ణయించుకున్నాను. ప్రాక్టీసులో ఊపిరి సలపని తోటి డాక్టర్లకి పనికొస్తుందని ఆ సంగతులు రాస్తున్నాను.

మొదట చేసిన పని చాలా చిన్నది. కన్సల్టింగ్ టేబుల్ పక్కన ఒక నోట్‌బుక్ పెట్టాను. కేసు చూస్తూండగా సందేహం వస్తే అక్కడికక్కడే ఒక లైను రాసుకునేదాన్ని. సాయంత్రం రాద్దాంలే అనుకుంటే ఒక్కటీ గుర్తుండదు. మా అసిస్టెంట్లు కూడా అందులో రాయడం మొదలుపెట్టారు. వాళ్ల ప్రశ్నలు నా వాటికన్నా సూటిగా ఉండేవి: "ఈ పిల్లికి నొప్పి తగ్గిందని మనం ఎలా చెప్తున్నాం?" కొన్ని వారాలయ్యాక వెనక్కి తిరగేస్తే అందులో అరుదైన జబ్బులు దాదాపు లేవు. ముసలి పిల్లుల కిడ్నీలు, ఆపరేషన్ తర్వాత నొప్పి, గుండెలో వినపడే మర్మర్లు (అదనపు శబ్దాలు), టీకాల మధ్య ఎడం. రోజూ చేసే పనుల మీదే సందేహాలన్నీ.

కొన్నింటికి కోర్సులు అక్కర్లేదు, సరైన చోట ఒకసారి చూసుకుంటే తీరిపోతాయి. 1955లో మొదటిసారి వచ్చిన మెర్క్ వెటర్నరీ మాన్యువల్ ఇప్పుడు నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది. కేసు మధ్యలో రెండు నిమిషాల్లో చూసుకోవడానికి నేను ముందు దాన్నే తెరుస్తాను. కిడ్నీ జబ్బు ఏ స్టేజిలో ఉందో చెప్పే ఐరిస్ వారి పట్టిక, అంటే ఇంటర్నేషనల్ రీనల్ ఇంటరెస్ట్ సొసైటీది, ప్రింట్ తీసి రక్తపరీక్షల మెషీన్ పక్కన అంటించాను. టీకాలకి చిన్న జంతువుల డాక్టర్ల ప్రపంచ సంఘం డబ్ల్యూఎస్ఏవీఏ 2024లో సవరించిన గైడ్‌లైన్స్ చదివాను. కుక్కపిల్లకి కోర్ టీకాల (ప్రతి కుక్కకీ పడాల్సిన వాటి) వరసలో చివరి డోసు 16 వారాల వయసులో గానీ ఆ తర్వాత గానీ పడాలి. ఆపైన ఏడాది బూస్టర్ దాకా ఆగకుండా 26 వారాలకే ఇంకో డోసు వెయ్యమంటారు. తల్లి నుంచి వచ్చిన యాంటీబాడీలు కొన్ని పిల్లల్లో 16 వారాలు దాటాక కూడా మిగిలి ఉండి టీకాని పనిచెయ్యనివ్వవు. అలాంటి పిల్లని ఏడాది నిండేదాకా వదిలేస్తే అన్ని నెలలూ పార్వో వైరస్‌కి తలుపు తెరిచి పెట్టినట్టే. కారణం ఇలా విడమర్చి చెప్తే యజమానులు ఆ డోసుకి తప్పకుండా వస్తున్నారు.

ఎక్కువ కాలం తీసుకున్నది గుండె ప్రశ్న. పదేళ్లు దాటిన చిన్న జాతి కుక్క ఒకటి మామూలు పరీక్షకి వచ్చింది. స్టెతస్కోప్ పెడితే ఎడమ పక్క గ్రేడ్ 3 మర్మర్. మనిషి అయితే నవ్వుతూ మాట్లాడేంత హుషారుగా ఉంది, తిండి బాగానే తింటోంది. మైట్రల్ వాల్వ్ (గుండె ఎడమ పక్క గదుల మధ్య కవాటం) జబ్బు గురించి, దానికున్న మందు గురించి చెప్పబోతే యజమానురాలు అడిగారు: "దగ్గు లేదు, ఆయాసం లేదు. ఇప్పుడే మందెందుకు డాక్టరుగారూ?" ఆ మాటని అలాగే నోట్‌బుక్‌లో రాసుకున్నాను.

జవాబు కోసం ముందు అమెరికన్ కాలేజ్ ఆఫ్ వెటర్నరీ ఇంటర్నల్ మెడిసిన్ వారి 2019 ఏకాభిప్రాయ పత్రం చదివాను. లక్షణాలు లేని దశని అందులో బీ1, బీ2 అని విడదీశారు. గుండె చెప్పుకోదగ్గంత పెరగకపోతే బీ1, పెరిగితే బీ2. మందు మొదలుపెట్టమనేది బీ2లోనే. ఆ సలహాకి ఆధారమేమిటని వెనక్కి వెళ్తే 2016లో వచ్చిన ఎపిక్ అధ్యయనం దగ్గర తేలాను. 360 కుక్కల్లో సగానికి పైమోబెండాన్ అనే గుండె మందు, మిగతా వాటికి ఉత్తి మాత్ర ఇచ్చి చూశారు. గుండె ఫెయిలవడానికి లేదా గుండె జబ్బుతో చనిపోవడానికి మధ్యస్థంగా పట్టిన కాలం ఉత్తి మాత్ర తీసుకున్న వాటిలో 766 రోజులు, మందు పడ్డ వాటిలో 1228 రోజులు. అంటే దాదాపు 15 నెలలు లాభం. ఒక చిన్న కుక్క ఆయుష్షులో అది చాలా పెద్ద కాలం.

అయితే ఆ అధ్యయనంలోకి ఎలాంటి కుక్కల్ని తీసుకున్నారన్నది సారాంశం ఒక్కటే చదివితే మనసుకెక్కదు. మర్మర్ గ్రేడ్ 3 లేదా అంతకన్నా ఎక్కువ ఉండాలి. ఎక్స్‌రేలో వెన్నుపూసలతో పోల్చి చూసే గుండె కొలత 10.5 పూసలు దాటాలి. ఎకోలో, అంటే గుండె అల్ట్రాసౌండ్‌లో, ఎడమ కర్ణిక అయోర్టాకి (గుండె నుంచి బయల్దేరే పెద్ద ధమనికి) కనీసం 1.6 రెట్లు ఉండాలి, ఎడమ జఠరిక కూడా శరీర బరువుకి సవరించిన కొలతలో 1.7కి తగ్గకూడదు. ఇవన్నీ కలిసి ఉన్న కుక్కలకే ఆ 15 నెలల మాట వర్తిస్తుంది. ఇంకో సంగతి, అధ్యయనానికి డబ్బు పెట్టింది ఆ మందు తయారుచేసే బోరింగర్ ఇంగెల్‌హైమ్ కంపెనీయే. అది పేపర్లోనే రాసి ఉంటుంది. అందుకని దాన్ని పక్కన పడేయక్కర్లేదు. ఎవరికి ఏ మాత్ర పడుతోందో డాక్టర్లకీ యజమానులకీ తెలియకుండా నడిపిన ప్రయోగం అది. కంపెనీలు ఇచ్చే ఉచిత వెబినార్లు నేను ఇప్పటికీ వింటాను, కాకపోతే విన్నాక అసలు పేపర్ తెరిచి అందులో ఏ జంతువులున్నాయో చూసుకుంటాను. నావరకు ఈ మొత్తం చదువులో అన్నిటికన్నా విలువైన అలవాటు ఇదే.

గుండె కొలత చేతికి రావడానికి మా క్లినిక్‌లో ఉన్న పాత ఎక్స్‌రేలన్నీ బయటికి తీశాను. గుండె పొడవు, వెడల్పు కొలిచి, ఛాతీ భాగంలోని నాలుగో వెన్నుపూస ముందంచు నుంచి ఆ కొలతల్ని పరిచి, ఎన్ని పూసలు వస్తాయో లెక్కపెట్టి రెండూ కలపాలి. అర పూస తేడా వస్తే చికిత్స నిర్ణయమే మారిపోతుంది. అందుకే కార్డియాలజీ చేసిన ఒక సీనియర్‌గారిని బతిమాలి, నా కొలతల పక్కన ఆయన కొలతలు వేయించుకుని పోల్చుకున్నాను. ఇక ఆ కుక్కకి ఎక్స్‌రే, ఎకో రెండూ చేయిస్తే బీ1 అని తేలింది. మందు అవసరం లేదు, ఆరు నెలల నుంచి ఏడాది లోపు మళ్లీ చూడాలి. ఆవిడ అడిగిందే సరైన ప్రశ్న. నిద్రలో ఉన్నప్పుడు నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీస్తోందో లెక్కపెట్టడం నేర్పించాను. 30 దాటుతుంటే ఆగకుండా ఫోన్ చెయ్యమన్నాను. ఆవిడ తేదీలతో సహా రాసి తెస్తున్నారు.

తెర ముందు కూర్చుంటే రాని చదువు సీపీఆర్, అంటే ఆగిన గుండెని ఛాతీ నొక్కి మళ్లీ నడిపించే ప్రయత్నం. కుక్కలకీ పిల్లులకీ ఆధారాలతో కూడిన గైడ్‌లైన్స్ మొట్టమొదట 2012లో రికవర్ అనే బృందం ఇచ్చింది, 2024లో సవరించింది. ఆన్‌లైన్ భాగం ఇంట్లో ముగించుకుని, చేత్తో చేసే భాగానికి శిక్షణ కేంద్రానికి వెళ్లాను. నిమిషానికి 100 నుంచి 120 నొక్కులు, ఛాతీ వెడల్పులో మూడో వంతు నుంచి సగం దాకా లోతు, ప్రతి నొక్కు తర్వాత ఛాతీని పూర్తిగా పైకి రానివ్వడం. కాగితం మీద ఇంతే. బొమ్మ కుక్క మీద చెయ్యి పెట్టాక గానీ ఆ లోతంటే ఎంత బలమో అర్థం కాదు. "మోచేతులు వంచకండి మేడమ్, భుజాలు అరచేతుల మీదికి రావాలి" అని శిక్షకుడు పక్కనే నిలబడి చెప్తూనే ఉన్నారు. రెండు నిమిషాలకోసారి మనిషి మారాలన్న నియమం ఎందుకో కూడా అక్కడే తెలిసింది. అలిసిపోయిన చెయ్యి లోతు తగ్గిస్తుంది, చేసేవాళ్లకి ఆ తేడా తెలియదు. గుండ్రటి ఛాతీ ఉన్న కుక్కకి ఛాతీలో అన్నిటికన్నా వెడల్పైన చోట నొక్కాలి. సన్నగా లోతుగా ఉన్న ఛాతీకి నేరుగా గుండె మీద. బుల్‌డాగ్ లాంటి బల్లపరుపు ఛాతీ అయితే వెల్లకిలా పడుకోబెట్టి రొమ్ముటెముక మీద.

తిరిగి రాగానే క్లినిక్‌లో అందరం కలిసి డ్రిల్ పెట్టుకున్నాం. మా టేబుల్ ఎత్తుకి ఒక అసిస్టెంట్ భుజాలు పైకి రావట్లేదని ఆ డ్రిల్‌లోనే కనిపించింది. ఇప్పుడు ఆ టేబుల్ కింద ఒక పీట ఎప్పుడూ ఉంటుంది. గోడ మీది మందుల చార్టు కూడా మార్చాం. 2012లో, సీపీఆర్ చాలాసేపు సాగితే అడ్రినలిన్ పెద్ద డోసు వాడొచ్చని ఉండేది. 2024లో దాన్ని తీసేశారు. కిలోకి 0.01 మిల్లీగ్రాముల చిన్న డోసు, మూడు నుంచి ఐదు నిమిషాలకోసారి. కొత్త చార్టులో మిల్లీగ్రాములు రాయలేదు, సిరంజిలోకి లాగాల్సిన మిల్లీలీటర్లే రాశాం. మిల్లీలీటరుకి 1 మిల్లీగ్రాము ఉండే ద్రావణమైతే 10 కిలోల కుక్కకి 0.1 మిల్లీలీటరు. గుండె ఆగిన నిమిషంలో లెక్కలు చెయ్యమని ఎవరినీ అడగకూడదు.

పిల్లి నొప్పి ప్రశ్నకి జవాబు తేలిగ్గా దొరికింది. మాంట్రియల్ విశ్వవిద్యాలయం వాళ్లు 2019లో ప్రచురించిన, పిల్లి ముఖం చూసి నొప్పి అంచనా వేసే ఫీలైన్ గ్రిమేస్ స్కేల్. చెవులు, కళ్లు, మూతి, మీసాలు, తల వాలు, ఈ ఐదింటికీ 0 నుంచి 2 దాకా మార్కులు. పదికి 4 గానీ ఎక్కువ గానీ వస్తే నొప్పి మందు గురించి ఆలోచించాలి. ప్రశ్న రాసిన అసిస్టెంట్ చేతికే ఆ పని అప్పగించాను. ఆపరేషన్ చార్టులో ఇప్పుడు ఉష్ణోగ్రత గడి పక్కన ఆ మార్కుల గడి ఉంది.

కాగితాల పని గురించి రెండు ముక్కలు. డబ్బు కట్టే ముందే ఆ కోర్సుని మీ కౌన్సిల్ ఒప్పుకుంటుందో లేదో రాతపూర్వకంగా అడగండి. ఉత్తర అమెరికాలో చాలా బోర్డులు రేస్ (నిరంతర విద్య కోర్సుల్ని ఆమోదించే వ్యవస్థ) ఆమోదాన్ని చూస్తాయి గానీ, అది ప్రతిచోటా చెల్లదు. సర్టిఫికెట్ వచ్చిన రోజే ఒక ఫోల్డర్‌లో వేసి, పక్కన ఒక్క వాక్యం రాయండి: దీనివల్ల క్లినిక్‌లో ఏం మారింది? బ్రిటన్‌లో ఇలాంటి సమీక్ష 2022 నుంచి తప్పనిసరి. నాకైతే ఆ వాక్యం రాయడానికి ఏమీ తోచని కోర్సులు ఏవో తెలిశాయి, వాటిని ఇక తీసుకోను.

రెన్యువల్ అయిపోయింది. నోట్‌బుక్‌లో ఇప్పుడు పళ్ల ఎక్స్‌రే ప్రశ్న ముందుంది. పైకి ఏ లోపమూ కనిపించని పళ్లకి ఎక్స్‌రే తీస్తే కుక్కల్లో 27.8 శాతం, పిల్లుల్లో 41.7 శాతం వాటిలో చికిత్సకి పనికొచ్చే సంగతులు బయటపడ్డాయని 1998 నాటి అధ్యయనాలు చెప్పాయి. మెషీన్ కొనేముందే సెన్సర్‌ని నోట్లో ఎలా పెట్టాలో, కోణం ఎలా చూడాలో చేతికి రావాలి. పుర్రె మోడళ్ల మీద నేర్పే కోర్సులో రెండు సీట్లు తీసుకున్నాను, ఒకటి నాకు, ఒకటి మా అసిస్టెంట్‌కి.