కల్చర్ తీయకముందే యాంటీబయాటిక్ మింగి నేను పడ్డ పాట్లు

నాకు గుండె వాల్వ్‌కి ఇన్ఫెక్షన్ (ఎండోకార్డైటిస్), నాలుగు వారాల ఇంజెక్షన్ కోర్సులో ఈరోజు మూడో రోజు. కుడి చేతికి క్యాన్యులా ఉంది, ఎడమ చేత్తో టైప్ చేస్తున్నా, తప్పులుంటే సర్దుకోండి.

నెలన్నరగా సాయంత్రమైతే చాలు వంద, నూట ఒకటి జ్వరం, రాత్రి బనియన్ తడిసేలా చెమటలు. మొదటి డాక్టర్ వైరల్ అన్నాడు. రెండో ఆయన టైఫాయిడ్ అని యాంటీబయాటిక్ రాశాడు, ఐదు రోజులు జ్వరం లేదు, మందు ఆపగానే మళ్ళీ వచ్చింది. మూడో ఆయన ఇంకో యాంటీబయాటిక్. ముగ్గుర్లో ఒక్కరంటే ఒక్కరు గుండె మీద స్టెత్ పెట్టి సరిగ్గా వింటే ఒట్టు.

నాలుగో ఆవిడ రెండు నిమిషాలు విన్నది, నా వేళ్ళు పట్టుకుని గోళ్ళ మీద ఫోన్ టార్చి వేసింది. గోరు కింద ముల్లు విరిగినట్టు సన్నటి ఎర్రగీతలు రెండు. ఈ జబ్బులో అలా వస్తాయట, దెబ్బ తగిలినా రావచ్చు గానీ, "చిన్నప్పుడు గుండెలో శబ్దం ఉందని ఎవరైనా అన్నారా?" అంది. అన్నారు, మైట్రల్ వాల్వ్ ప్రొలాప్స్ (గుండెలో ఒక వాల్వ్ రెక్కలు వెనక్కి ఉబ్బడం), నేనే మర్చిపోయా. పుచ్చిన పన్నుని నెలల తరబడి నిర్లక్ష్యం చేసిన సంగతి కూడా అప్పుడే బయటపడింది.

అడ్మిట్ అయ్యా. ఛాతీ మీద నుంచి తీసిన ఎకోలో (గుండె స్కాన్) వాల్వ్ లీకు తప్ప ఏమీ కనబడలేదు. తర్వాత వేరే వేరే నరాల్లోంచి, మధ్యలో గ్యాప్ ఇచ్చి, కల్చర్‌కి, అంటే రక్తంలో బ్యాక్టీరియా పెరుగుతుందేమో చూడ్డానికి, మూడు సెట్లు రక్తం తీశారు. బాటిల్స్ ఐదు రోజులు మెషిన్లో పెట్టినా ఏమీ పెరగలేదు. నెగటివ్ అనగానే నేను ఎగిరి గంతేసినంత పనిచేశా.

అప్పుడు పడింది అక్షింతలు. రౌండ్స్‌కి వచ్చిన పెద్ద డాక్టర్, వెనక ఆరుగురు జూనియర్లు, పక్కన మా అత్తగారు. "ఏ యాంటీబయాటిక్, ఎన్ని రోజులు వాడారు?" అని అడిగితే నాకు పేర్లు గుర్తులేవు, "ఒకటి తెల్లది సార్, ఇంకోటి పొడుగ్గా ఉంటుంది" అన్నా. జూనియర్ ఒకడు నవ్వాడు. ఆయన మాత్రం నవ్వలేదు, "బ్యాక్టీరియాని చంపకుండా దాచిపెట్టి వచ్చావు, ఇప్పుడు మేం దేన్ని వెతకాలి?" అన్నాడు. రాసిచ్చిన వాళ్ళని వదిలేసి మింగిన నన్ను తిట్టడమేంటి? అక్కడ నోరు రాలేదు గానీ ఇప్పటికీ మండుతోంది. కాబట్టి జ్వరం తిరగబెడుతుంటే, వాల్వ్ తేడా ఉందని తెలిస్తే, ఇంకో మాత్ర మింగేముందు కల్చర్ తీస్తారా అని అడగండి, వాళ్ళు విసుక్కున్నా సరే. స్ట్రిప్పులు మాత్రం పారేయకండి!

నా పరిస్థితి నిలకడగా ఉందని మందులన్నీ ఆపి, కొన్ని రోజులు జ్వరంతోనే ఉంచి మళ్ళీ తీశారు. ఈసారి రెండు సెట్లలోనూ అదే బ్యాక్టీరియా పెరిగింది, స్ట్రెప్టోకాకస్, నోట్లో ఉండే రకం. గొంతులోంచి గొట్టం దించి చేసే ఎకో గురించి అందరూ భయపెట్టారు గానీ స్ప్రే కొట్టాక నాకు సగం గుర్తే లేదు. మైట్రల్ వాల్వ్ మీద 8 మిల్లీమీటర్ల ముద్ద ఊగుతోందట. ఈ జబ్బు ఉందో లేదో తేల్చడానికి డ్యూక్ క్రైటీరియా అని 1994లో వచ్చిన లెక్క ఉంది, 2023లో మళ్ళీ సవరించారు. దాంట్లో పెద్ద గుర్తులు రెండు ఉంటే ఖాయం. నాకు కల్చర్ ఒకటి, ఎకో ఒకటి.

రేపు మళ్ళీ కల్చర్‌కి రక్తం తీస్తారు. ఈసారి నెగటివ్ రావాలి.