నూటికా?

సంక్రాంతి సెలవులు అయిపోయి బడి తెరిచినా, ఎనిమిదో తరగతి హాజరుపట్టీలో సగం పేర్ల ఎదుట ఆబ్సెంటే. కర్నూలు జిల్లా కోసిగి చుట్టుపక్కల ఇది కొత్తేమీ కాదు. దగ్గర్లోనే తుంగభద్ర పారుతున్నా చాలా చేలకు వానే దిక్కు. పంట ఇంటికి రాగానే ఊళ్లకు ఊళ్లు తాళాలు వేసుకుని, గుంటూరు వైపు మిరపకాయల కోతకు లారీలెక్కుతాయి. సుగ్గికి పోవడం అంటారు.

మధ్యాహ్నం పదో తరగతి అమ్మాయి స్టాఫ్‌రూమ్ గుమ్మంలో నిలబడి, "సార్, మాయమ్మకు ఒకసారి ఫోన్ చేస్తారా?" అంది. అవ్వ దగ్గర ఉండి చదువుతోంది. స్పీకర్ పెట్టాను. అవతల ముందు దగ్గు వినిపించింది, మిరప ఘాటుకు. తర్వాత "అన్నం తింటివా? గుడ్డు పెట్టినారా?" చదువు ఊసే లేదు. పిల్లే ఉండబట్టలేక లెక్కల్లో 72 వచ్చాయని చెప్పింది. "నూటికా?" అంది తల్లి. అంతే. పిల్ల ముఖం చూడాలి! సాయంత్రం స్పెషల్ క్లాసులో ఎవరూ చెప్పకుండానే ముందు బెంచీకి వచ్చి కూర్చుంది.

పిల్లల పక్కన కూర్చుని రోజూ నోటుబుక్కులు చూడాలని తల్లిదండ్రులకు చెబుతుంటాం. 2024 డిసెంబర్ 7న రాష్ట్రమంతా ఒకేరోజు పేరెంట్స్ మీటింగు పెడితే మా బడికి తల్లుల కంటే అవ్వలే ఎక్కువ వచ్చారు. వాళ్లకు నోటుబుక్కు ఏం చూపిస్తాం?

ఏడో తరగతి పిల్లాణ్ణి, వలసపోయేవాళ్ల పిల్లల కోసం పెట్టే సీజనల్ హాస్టల్లో వేయమని దీపావళికి ముందే ఇంటికెళ్లి అడిగాను. "కండ్ల ముందర లేకపోతే ఆయమ్మకు నిద్ర పట్టదు సార్" అని తండ్రి భార్యను చూపించాడు. వాడూ లారీ ఎక్కాడు. ఉగాదికి తిరిగొచ్చేసరికి భిన్నాలన్నీ అయిపోయి ఉంటాయి. పిల్లల్ని వదిలేసి పోతారు, వీళ్లకు ప్రేమ ఎక్కడిది అని మా స్టాఫ్‌రూమ్‌లోనే అనేవాళ్లున్నారు. ఈ పిల్లాడి చదువు చెడింది మాత్రం వదల్లేని ప్రేమ వల్లే. అలాగని వదిలిపోతే చాలనీ కాదు. ఫోనే రాని ఇళ్ల పిల్లలు ఓ నెల బడికొచ్చి, తర్వాత గొర్రెల వెంట పోతారు.

పబ్లిక్ పరీక్షలప్పుడు రెండు రోజులు వచ్చిపోతానంది ఆ పదో తరగతి పిల్ల తల్లి. తీసుకున్న అడ్వాన్సు ఇంకా తీరలేదట, కూలీలను తీసుకుపోయిన మేస్త్రీ ఒప్పుకోవాలి. నేను మాట్లాడనా అంటే వద్దంది.