ఫిలడెల్ఫియాలో నా పాత పాఠం

ముప్ఫై రెండేళ్లు డిగ్రీ పిల్లలకు పొలిటికల్ సైన్స్ చెప్పాను. అమెరికా రాజ్యాంగం పాఠం వచ్చినప్పుడల్లా బోర్డు మీద నిలువుగా ఒక గీత గీసి ఇటు హామిల్టన్, అటు జెఫర్సన్ అని రాసేదాన్ని. ఇద్దరూ మొదటి అధ్యక్షుడు వాషింగ్టన్ దగ్గర మంత్రులు. బలమైన కేంద్రం కావాలన్న ఫెడరలిస్టులు ఇటు, రాష్ట్రాల హక్కులు పోతాయని భయపడ్డ డెమోక్రాటిక్ రిపబ్లికన్లు అటు. నేను ఉద్యోగంలో చేరిన రోజుల్లో ఎన్టీఆర్ గారి 'కేంద్రం మిథ్య' అన్న మాట అందరి నోళ్లలో నానుతుండేది. అందుకని ఈ పాఠం మా పిల్లలకు పరాయి దేశం కథలా అనిపించేది కాదు. కానీ అదంతా జరిగిన ఊరిని, అప్పటి రాజధాని ఫిలడెల్ఫియాను మాత్రం నేను ఎప్పుడూ చూడలేదు.

మొన్న అమ్మాయి దగ్గరికి న్యూజెర్సీలోని ఎడిసన్ వెళ్లినప్పుడు ఆ కోరిక తీరింది. ఎనిమిదో తరగతి చదువుతున్న మనవరాలిని తోడు తీసుకుని పొద్దున్నే ట్రైన్ ఎక్కాను. ట్రెంటన్‌లో బండి మారి ఫిలడెల్ఫియాలో దిగితే ఆ స్టేషన్ పేరే జెఫర్సన్ స్టేషన్. బోర్డు చూడగానే ఒళ్లు పులకరించింది. అక్కణ్ణుంచి నడుచుకుంటూ వెళ్లిపోయాం.

ఇండిపెండెన్స్ హాల్ ముందు పెద్ద లైను ఉంది. నా మనసంతా దాని పక్కనే ఉన్న ఎర్ర ఇటుకల భవనం మీదే ఉంది. అదే కాంగ్రెస్ హాల్. జిల్లా కోర్టు కోసం కట్టుకున్న ఆ భవనంలో 1790 నుంచి 1800 వరకు అమెరికా పార్లమెంటు నడిచింది. కింద ప్రతినిధుల సభ, మేడ మీద సెనేట్. లోపలికి అడుగుపెట్టగానే ఆగిపోయాను. ఇంత చిన్న గదా! వంపు తిరిగిన వరసల్లో బల్లలు, కుర్చీలు. ఒకరి గొంతు పెరిగితే చివరి వరసలో వాడికీ వినిపిస్తుంది. పుస్తకంలో 'రెండు పార్టీల మధ్య సంఘర్షణ' అని చదివినప్పుడు ఏదో రెండు సైన్యాలను ఊహించుకున్నాను. ఇక్కడ చూస్తే రోజూ మొహాలు చూసుకునే మనుషులు.

కొట్టుకున్నది కూడా ఈ గదిలోనే. 1798లో వెర్మాంట్ రిపబ్లికన్ మాథ్యూ లయన్, కనెక్టికట్ ఫెడరలిస్టు రోజర్ గ్రిస్వాల్డ్ మొహాన ఉమ్మేశాడు. లయన్‌ను సభ నుంచి పంపెయ్యడానికి మూడింట రెండొంతుల ఓట్లు రాలేదు. ఫిబ్రవరి 15న గ్రిస్వాల్డ్ చేతికర్రతో వచ్చి లయన్‌ను బాదాడు. లయన్ పొయ్యి దగ్గరున్న ఇనప పటకారు అందుకున్నాడు. ఇద్దరూ నేల మీద పడి దొర్లారు. మనవరాలు 'నిజంగానా అమ్మమ్మా?' అంటూ గదంతా కలియజూసింది. నిజమే. ఆ ఏడాదే ప్రభుత్వాన్ని విమర్శిస్తే జైలు అనే రాజద్రోహ చట్టం వచ్చింది. లయన్‌కు నాలుగు నెలల జైలు, 1000 డాలర్ల జరిమానా పడ్డాయి. జైల్లో ఉండగానే ఎన్నికల్లో మళ్లీ గెలిచాడు. ఈ రిపబ్లికన్లు వేరు, ఇప్పుడున్న రిపబ్లికన్ పార్టీ వేరు. అది 1854లో పుట్టింది. ప్రతి బ్యాచ్‌లోనూ పిల్లలు ఇక్కడే తికమకపడేవాళ్లు.

పార్టీలు కావాలని ఎవరూ అనుకోలేదు. రాజ్యాంగంలో వాటి ఊసే లేదు. వాషింగ్టన్ దిగిపోతూ, పార్టీల పిచ్చి దేశాన్ని పాడుచేస్తుందని హెచ్చరించాడు. ఆ వీడ్కోలు సందేశం 1796లో ఈ ఊరి పత్రికలోనే అచ్చయింది. అప్పటికే ఆలస్యమైపోయింది.

తూర్పుగా నడిస్తే మూడో వీధిలో మొదటి జాతీయ బ్యాంకు భవనం వస్తుంది. 1797లో పూర్తయింది. మేం వెళ్లినప్పుడు లోపలికి ప్రవేశం లేదు. అయినా అక్కడే ఎక్కువసేపు నిలబడ్డాను. ముందు భాగమంతా పాలరాయి, ఎత్తయిన స్తంభాలు, వాటి పైన చెక్కతో చెక్కిన డేగ. మలుపు తిరిగి పక్కకు వెళ్లి చూస్తే మామూలు ఇటుక గోడ. చేత్తో తడిమి చూశాను. నా బోర్డు మీది గీత మొదలైంది ఈ బ్యాంకు దగ్గరే.

కోటి డాలర్ల మూలధనం, అందులో అయిదో వంతు ప్రభుత్వానిది, ఇరవై ఏళ్ల అనుమతి. ఇదీ ఖజానా మంత్రి హామిల్టన్ పథకం. బ్యాంకు పెట్టే అధికారం కేంద్రానికి ఉందని రాజ్యాంగంలో ఎక్కడా రాసి లేదు. తన అధికారాలను అమలు చెయ్యడానికి 'అవసరమైన, తగిన' చట్టాలు చెయ్యొచ్చని మాత్రం ఉంది. 1791 ఫిబ్రవరిలో సభ 39-20 ఓట్లతో బిల్లును ఆమోదించింది. వ్యతిరేకించిన వాళ్లకు ముందు నిలిచినవాడు వర్జీనియా సభ్యుడు మాడిసన్. మూడేళ్ల కిందట ఇదే రాజ్యాంగం కోసం హామిల్టన్‌తో కలిసి వ్యాసాల మీద వ్యాసాలు రాసిన మనిషి! సంతకం పెట్టడానికి వాషింగ్టన్‌కు ఆదివారాలు పోను పది రోజులే గడువు. అభిప్రాయం చెప్పండని మంత్రులను అడిగాడు. జెఫర్సన్ అన్నది ఇది: అవసరం అంటే అది లేకపోతే పని జరగనే జరగకూడదు, వీలుగా ఉంటుందని చేసేది అవసరం కాదు. హామిల్టన్ ఫిబ్రవరి 23న జవాబిచ్చాడు: పనికొచ్చేది, తోడ్పడేది అన్నా అవసరమే, లక్ష్యం రాజ్యాంగంలో ఉంటే దారి ఎంచుకునే హక్కు కూడా ఉన్నట్టే. 25న వాషింగ్టన్ సంతకం పెట్టాడు.

'అవసరం' అన్న ఆ ఒక్క మాట మీద స్నేహాలు విడిపోయాయి, పత్రికలు పుట్టాయి, పార్టీలు గట్టిపడ్డాయి. నా మనసు హామిల్టన్ వైపే మొగ్గుతుంది. అప్పుల్లో మునిగిన కొత్త దేశానికి ఖజానా నిలబెట్టాలి కదా. అయినా జెఫర్సన్ భయం ఉత్తిది కాదని 1798 చట్టమే చూపించింది. అధ్యక్షుడయ్యాక ఆయనే 1803లో కోటిన్నర డాలర్లకు లూసియానా కొన్నాడు. దానికి రాజ్యాంగంలో స్పష్టమైన అనుమతి లేదని ఆయనకూ తెలుసు. మాడిసన్ సంగతి ఇంకా ఆశ్చర్యం. దారిలో గ్రీకు గుడిలాంటి రెండో జాతీయ బ్యాంకు భవనం చూశాం. 1816లో ఆ బ్యాంకుకు అనుమతిస్తూ సంతకం పెట్టిన అధ్యక్షుడు మాడిసనే.

వెనక్కి వచ్చేటప్పుడు మార్కెట్ వీధి, ఆరో వీధి మూలన ఆగాం. వాషింగ్టన్ అధ్యక్షుడిగా కాపురమున్న ఇల్లు అక్కడే ఉండేది. ఇప్పుడు ఇల్లు లేదు, గోడల ఆనవాలు మాత్రం కట్టి ఉంచారు. ఒక రాతి గోడ మీద తొమ్మిది పేర్లు చెక్కి ఉన్నాయి. ఆ ఇంట్లో ఆయన ఉంచుకున్న బానిసల పేర్లు. హెర్క్యులిస్, మాల్, గైల్స్, పారిస్... మనవరాలు ఒక్కొక్కటీ పైకి చదివింది. ఓనీ జడ్జ్ దగ్గర కాసేపు ఆగాం. 1796లో ఆ పిల్ల ఇంట్లోంచి తప్పించుకుని ఓడెక్కి న్యూహాంప్‌షైర్ చేరింది. మళ్లీ దొరకలేదు. 1848లో చనిపోయేవరకు చట్టం లెక్కలో పారిపోయిన బానిసగానే బతికింది.

ఆ లెక్క రాసిన చట్టం 1793 నాటిది. ఏ రాష్ట్రానికి పారిపోయినా బానిసను పట్టుకుని యజమానికి అప్పగించాలని కేంద్రం చేసిన చట్టం అది. పొద్దున నేను నిలబడ్డ ఆ చిన్న గదిలోనే ఓటింగ్ జరిగింది. అనుకూలం 48, వ్యతిరేకం 7. రెండేళ్ల ముందు బ్యాంకు కోసం విడిపోయినవాళ్లు ఇక్కడ కలిసిపోయారు. ఇన్నేళ్లలో నేను ఆ అంకెలు ఒక్కసారీ బోర్డు మీద రాయలేదు. 1791 బ్యాంకు అయ్యాక నేరుగా 1798కి వెళ్లిపోయేదాన్ని. నా పాఠం విన్న వందల మంది పిల్లలకు ఆ మధ్య సంగతి తెలియకుండానే పోయింది. గుండె బరువెక్కింది.

ట్రైన్‌లో కూర్చున్నాక మనవరాలి నోటుబుక్కు అడిగి తీసుకున్నాను. పాత అలవాటు కొద్దీ నిలువు గీత గీశాను. ఆ గీతకు అటూ ఇటూ రాయాల్సినవి రాశాను. దాని కింద గీత లేకుండా పేజీ మొత్తానికి అడ్డంగా 1793 అని రాసి, పక్కన 48, 7 అని వేశాను.