డబుల్ మార్కర్ రిపోర్టు, 1:180

నెల క్రితం బెంగళూరు మారతహళ్ళిలో ఒక స్కాన్ సెంటర్ బయట కూర్చుని, కడుపులో బిడ్డ గురించి చేసే డబుల్ మార్కర్ రక్తపరీక్షలో వచ్చిన ఈ అంకె వైపే చూస్తూ ఉండిపోయా. అప్పటికి 12 వారాలు. పైన ‘హై రిస్క్’ అని ఎర్ర అక్షరాలు. ఇలాంటి రిపోర్టు వచ్చిన 180 మందిలో ఒకరి బిడ్డకు డౌన్ సిండ్రోమ్ (ఒక క్రోమోజోమ్ ఎక్కువై పుట్టడం, ఎదుగుదల నెమ్మదిగా ఉంటుంది) ఉండొచ్చని అర్థం. మిగతా 179 మంది సంగతి ఆ కాగితం మీద ఎక్కడా లేదు.

"ఇది స్క్రీనింగే, నిర్ధారణ కాదు" అంది డాక్టరమ్మ. అదే ఊపిరిలో "ఉమ్మనీరు తీసి చూద్దాం, తేడా ఉంటే తీయించేసుకోవచ్చు" అనేసింది.

డౌన్ సిండ్రోమ్ ఉన్న మనిషికి రోజు ఎలా గడుస్తుందో ఒక్క ముక్క చెప్పలేదు. నాకు తెలుసు లెండి. ఒంగోల్లో మా పెద్దమ్మ కొడుకు కొట్లో కూర్చుని కందిపప్పు పొట్లాలు కడతాడు. దారం పళ్లతో తెంపుతాడు, తిట్లు తింటాడు. బస్టాండులో నన్ను ఆమడ దూరం నుంచే గుర్తుపట్టి పేరు పెట్టి అరుస్తాడు.

అదే పెద్దమ్మ ఫోన్లో, "చేయించుకో అమ్మా. నేను పోయాక వీణ్ణి ఎవరు చూస్తారోనని నాకు నిద్ర పట్టదు" అంది.

ఆడా మగా అని అడగడం నేరం, 1994 నుంచీ చట్టం ఉంది, బోర్డు నా ఎదురుగానే ఉంది. డౌన్ సిండ్రోమ్ పరీక్షకి అలాంటి బోర్డు ఉండాలని నేననను. వద్దనుకున్నవాళ్లని తప్పుపట్టను కూడా. ఆ తొందర మీదే నా కోపం.

ఉమ్మనీటి పరీక్ష ఎల్లుండి. చేయించుకుంటున్నా. "ఆ తర్వాత?" అని మా ఆయన రెండుసార్లు అడిగాడు. రెండుసార్లూ కుక్కర్ విజిల్ లెక్కపెడుతున్నట్టు నటించా.