ఏకాదశి నాడు ఒంట్లో ఏం జరుగుతుంది?

"అన్నం మానేస్తే కొవ్వు కరుగుతుందా మేడమ్?" అని మా బైపీసీ పిల్లలు ఏటా అడుగుతారు. నేను మా అమ్మ ఏకాదశి గురించి చెబుతాను. పుస్తకంలోని బొమ్మకన్నా అదే వాళ్లకి బాగా ఎక్కుతుంది.

దశమి రాత్రి అమ్మ అన్నం తిని పడుకుంటుంది. అందులోని పిండిపదార్థం పేగుల్లో గ్లూకోజుగా విడిపోయి రక్తంలో కలుస్తుంది. అప్పటికప్పుడు ఖర్చు కానిదాన్ని ఇన్సులిన్ సాయంతో కాలేయం, కండరాలు గ్లైకోజన్‌గా దాచుకుంటాయి. కాలేయంలో పట్టేది సుమారు 100 గ్రాములే. కండరాల్లో అంతకు మూడు నాలుగు రెట్లు ఉన్నా, ఆ గ్లూకోజుని అవి తిరిగి రక్తంలోకి వదలలేవు. మెదడుకేమో రోజుకి 120 గ్రాముల దాకా కావాలి. అందుకే మర్నాడు మధ్యాహ్నం అమ్మ విష్ణు సహస్రనామం చదువుకునే వేళకి కాలేయంలో నిల్వ చాలావరకు అయిపోవస్తుంది.

రాత్రి నిద్రలోనే మొదలైన కొవ్వు వాడకం అప్పుడు జోరందుకుంటుంది. గ్రాము కొవ్వు 9 కిలోకేలరీలు ఇస్తుంది, పిండిపదార్థమైనా ప్రోటీనైనా 4 ఇస్తాయి. గుండె, కండరాలు కొవ్వుతో నడిచిపోతాయి. కాలేయం కొంత కొవ్వుని కీటోన్లుగా మారుస్తుంది, అవి మెదడుకీ పనికొస్తాయి. ద్వాదశి తెల్లవారుజామున అమ్మ పక్కన కూర్చుంటే ఊపిరిలో మగ్గిన పండు వాసన లీలగా తగులుతుంది. అది ఎసిటోన్, ఆ కీటోన్లలో ఒకటి. (షుగర్ మందులు వాడేవాళ్లు డాక్టర్ని అడగకుండా ఇలాంటి ఉపవాసం చేయకూడదు.)

గ్లూకోజైనా కొవ్వైనా అందులోని శక్తిని కణం చివరికి ఏటీపీ అనే అణువులోకి మార్చుకునే వాడుకుంటుంది. కండరంలో ఆ ఏటీపీని 1929లో కనిపెట్టినవాళ్లలో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు ఒకరు, హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి. ఆయన పేరు చెప్పకుండా నేను ఈ పాఠం ముగించను.

నా బెంగంతా ప్రోటీన్ గురించే. కొవ్వులో గ్లిసరాల్ అనే చిన్న భాగం తప్ప మిగతాది గ్లూకోజుగా మారదు. ఎర్ర రక్తకణాలకి మాత్రం గ్లూకోజ్ తప్ప ఇంకేదీ పనికిరాదు, మెదడుకీ కొంత కావలసిందే. దాంతో కాలేయం కండరాల ప్రోటీన్ నుంచి వచ్చిన అమైనో ఆమ్లాలతో గ్లూకోజ్ తయారుచేస్తుంది. వాటిలోని నత్రజని యూరియాగా మారి మూత్రంలో పోతుంది. ప్రోటీన్‌ని విడిగా దాచుకునే చోటు ఒంట్లో లేదు, ఉన్నదల్లా పనిచేసే కండే. కాబట్టి పిల్లలకి నా జవాబు: కొవ్వు కరుగుతుంది, కండ కూడా కొంత పోతుంది. అరవై దాటినవాళ్లకి పోయిన కండ మళ్లీ పట్టడం చాలా కష్టం.

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో ఇచ్చిన లెక్క ప్రకారం పెద్దవాళ్లకి కిలో బరువుకి రోజూ 0.83 గ్రాముల ప్రోటీన్ కావాలి. అమ్మ 55 కిలోలు, అంటే దాదాపు 46 గ్రాములు. గ్యాస్ పడుతోందని తను కందిపప్పు మానేసి చారన్నంతో సరిపెట్టుకునేది. బియ్యంలోనూ ప్రోటీన్ ఉంది కానీ లైసిన్ అనే అమైనో ఆమ్లం తక్కువ, పప్పులో అది దండిగా ఉంటుంది. పప్పులో తక్కువైన మిథియోనిన్ అనే మరో అమైనో ఆమ్లాన్ని బియ్యం ఇస్తుంది. అందుకే పప్పన్నాన్ని వదలొద్దని అమ్మతో పట్టుబట్టాను. పొట్టు తీసిన పెసరపప్పు ఇంగువ వేసి మెత్తగా ఉడికిస్తే ఆవిడకి పడుతోంది. పారణకీ ఇప్పుడు అదే. గుడ్డు మాట ఎత్తనివ్వదు కాబట్టి మిగతా లెక్క పాలు, పెరుగుతో సరిచేస్తున్నాం.