బాత్రూంలో దొరికిన చెట్టుకప్పతో పదకొండు రోజులు – నా అనుభవం

మొన్న ఆదివారం రాత్రే కప్పను వదిలిపెట్టినం, ఖాళీ డబ్బా ఇంకా వరండలనే ఉంది, దాని గురించి అడగబోతే నవ్విన ఆఫీసోళ్ల మీద కోపం చల్లారక ముందే రాసేస్తున్న. మాది హాలియా దగ్గర, సాగర్ ఎడమ కాల్వ కింద ఊరు. చుట్టూ వరి మళ్లు, వానలు పడ్డయంటే రాత్రంతా కప్పల మోతే. కానీ ఇది మడిలో కప్ప కాదు. బాత్రూం వెంటిలేటర్ పక్కన, ఆరడుగుల ఎత్తుల, కాళ్లన్నీ కడుపు కిందికి ముడుచుకొని గోడకు అంటుకొని ఉంది. మా అత్తమ్మ చీపురు అందుకుంది, మూడో తరగతి చదివే మా చిన్నోడు "నానమ్మా కొట్టొద్దు, నేను పెంచుకుంట" అని అడ్డం నిలబడ్డడు.

పట్టుడు పెద్ద పని కాలే. చేతులు ఉట్టి నీళ్లతో తడుపుకొని మెల్లగ పట్టిన. సబ్బు చేతులతో, శానిటైజర్ రాసుకున్న చేతులతో మాత్రం కప్పను ముట్టుకోవద్దు, దాని తోలు మన తోలు లెక్క కాదు, నీళ్లు దాంట్ల నుంచే తాగుతది, గాలి కూడా కొంత దాంట్ల నుంచే పీలుస్తది, మన చేతికి ఏదుంటే అది లోపలికి పోతది. ముట్టుకుంటే పులిపిర్లు వస్తయని అత్తమ్మ మస్తు భయపడ్డది. పులిపిర్లు వైరస్ తోటి వస్తయ్ అత్తమ్మా, కప్ప తోటి కాదు అని చెప్పిన.

ఎత్తుగా ఉన్న ప్లాస్టిక్ డబ్బా, పైన దోమల జాలీ, లోపల ఒక జామకొమ్మ, కింద తడి కొబ్బరిపీచు, ఒక గిన్నెల నీళ్లు. ఎండ పడని చోట పెట్టినం. నీళ్ల దగ్గరే ఆలోచించాల్సి వచ్చింది. బోరు నీళ్లంటే ఫ్లోరైడ్, నల్గొండోళ్లకు కొత్తగా చెప్పేదేముంది. మిషన్ భగీరథ, అంటే సర్కారు నల్లా నీళ్లల్ల క్లోరిన్. అందుకని వాన నీళ్లు బకెట్ల పట్టి వాడిన, వాన లేని రోజు నల్లా నీళ్లు వెడల్పు గిన్నెల పోసి ఒక రోజంతా మూత లేకుండ ఉంచి పోసిన.

ఇప్పుడు అసలు బాధ. ఇది ఏ కప్ప? నేను డిగ్రీల బీజెడ్సీ, అంటే బాటనీ, జువాలజీ, కెమిస్ట్రీ చదివిన, ఫస్ట్ క్లాస్. మా టైంల ప్రాక్టికల్స్ ల కప్ప డిసెక్షన్ ఉండేది, గుండె మూడు గదులు, ఏ నరం ఎటు పోతది, ఇప్పటికీ నిద్రల లేపినా చెప్త. మేం కోసే కప్ప శాస్త్రీయ నామం రాణా టైగ్రినా అని రికార్డుల వంద సార్లు రాసిన, ఇప్పుడు దాని పేరు కూడా మారి హోప్లోబట్రాకస్ టైగరినస్ అయింది. కానీ బతికున్న కప్పను చూసి పేరు చెప్పుడు మాకు ఎవరూ నేర్పలే. పైగా ఇది పొద్దున చూస్తే బూడిద రంగు, రాత్రి చూస్తే ముదురు గోధుమ రంగు, పిల్లలెవరో మార్చిపెట్టిన్రేమో అనుకున్న. తెలిసిన లెక్చరర్ ఒకాయనకు ఫోన్ చేస్తే ఫోటో కూడా చూడకుండ "గోదురుకప్పే అయ్యుంటది" అని పెట్టేసిండు.

మా ఆయన అన్నడు, బయట దొరికిన జీవి కదా, ఇంట్ల పెట్టుకోవచ్చో లేదో ముందు అడుగు అని. న్యాయమే కదా అని స్వీట్ డబ్బాకు బెజ్జాలు పెట్టి, తడిగుడ్డ వేసి, కప్పను తీసుకొని నల్గొండ బస్సెక్కిన. ఏ ఆఫీసో రాయను. మొదటి కిటికీల ఉన్నాయన "పామా?" అన్నడు. కప్ప సార్ అన్న. ఇంక చూడాలె, పక్క టేబుళ్లోళ్లను పిలిచి మరీ నవ్విండు. ఒకాయన "కప్పతల్లి ఆట ఆడుతున్నవా అమ్మా, వానలు చాల్లేదా" అన్నడు. దరఖాస్తు రాయమంటే రాసిన, "గోడపై దొరికిన కప్ప పేరు తెలుపుట, ఉంచుకొనుటకు అనుమతి గురించి" అని. ఇన్వర్డ్ ల ఇయ్యమన్నరు, ఇన్వర్డ్ ఆమె సెక్షన్ కు పొమ్మంది, సెక్షనాయన భోజనానికి పోయిండు. రెండున్నర గంటలు బల్ల మీద కూచున్న, మధ్యల రెండుసార్లు గుడ్డ తడిపిన. నేను గ్లాసుల నీళ్లు తెచ్చుకునే లోపల అటెండర్ డబ్బా మూత తీసిండు.

కప్ప ఒక్క దుంకు దుంకి గోడకు అంటుకుంది, అక్కడి నుంచి ట్యూబ్ లైట్ పట్టీ మీదికెక్కింది. అందరూ లేచిన్రు, ఒకాయన చీపురు తెచ్చిండు, ఇంకొకాయన ఫైలు ఎత్తిండు. నేను చెప్పులిడిచి కుర్చీ ఎక్కి "కొట్టకున్రి, కొట్టకున్రి" అని అరిచిన, కొంగు అడ్డం పెట్టి పట్టుకున్న. అప్పుడొచ్చిండు పెద్ద సారు. కుర్చీ మీద ఉన్న నన్ను చూసి "చదువుకున్నదానివేనా నువ్వు?" అన్నడు. బీఎస్సీ సార్ అన్న, గొంతు వణికింది. "కప్పకు పర్మిషనేంది, తీసుకపో ఇక్కడి నుంచి" అన్నడు. ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు దాని మొఖం చూడలే. నేను అడిగినవి రెండే ప్రశ్నలు, రెండింటికీ జవాబు లేదు. కప్ప కాళ్ల ఎగుమతిని మన దేశం 1987ల బంద్ పెట్టింది, పొలాల్ల పురుగులు తినేటివి కప్పలేనని తెలిసినంకనే కదా. ఆ మాత్రం విలువున్న జీవిని పట్టుకొని పోతే మనిషిని గట్ల నిలబెట్టి నవ్వుతరా? బస్సుల హాలియా దాకా ఏడ్చుకుంటనే వచ్చిన. మీరెవరైనా ఆఫీసుకు పోవాల్సొస్తే కప్పను ఇంట్లనే ఉంచి ఫోటోలు పట్టుకొని పోన్రి.

పేరు మాత్రం ఆ రాత్రే దొరికింది. జీవుల ఫోటోలు పెడితే చూసినోళ్లు పేరు చెప్పే ఐనాచురలిస్ట్ యాప్ ల మూడు రోజుల నుంచి వీపు ఫోటోనే పెడ్తున్న, ఎవరో తొడ వెనక భాగం చూపించమని అడిగిన్రు. రాత్రి అది డబ్బా గోడెక్కుతుంటే కాలు చాపినప్పుడు సెల్ లైటేసి చూసిన. ముదురు రంగు మీద గుండ్రటి పసుపు చుక్కలు! పగలు కాళ్లు ముడుచుకొని కూచుంటది కాబట్టి అన్ని రోజులు కనబడలే. వేళ్ల చివర గుండ్రటి బిళ్లలు, వెనక వేళ్ల మధ్య పొర, అన్నీ ఫోటోలు తీసి పెట్టిన. తెల్లారేసరికి ఇద్దరు ఒకే పేరు చెప్పిన్రు, పాలీపిడేట్స్ మాక్యులేటస్, మన దేశంల మామూలుగ కనిపించే చెట్టుకప్ప. మాక్యులేటస్ అంటేనే చుక్కలున్నదని అర్థం. రంగు మారుడు కూడా దాని గుణమే. ఆడది మగదానికన్నా పెద్దగుంటది, మాది స్కేలు పక్కన పెడితే ఆరు సెంటీమీటర్ల పైనే, ఆడదే అనుకుంటున్న.

తిండి గురించి ఒక్క మాట. అన్నం మెతుకులు, ఉడికిన గుడ్డు, చచ్చిన బొద్దింక, ఏదీ ముట్టలే, మూడు రోజులు ఉపాసమే. కదిలేదే దానికి తిండి. నాలుగో రాత్రి బతికున్న మిడతను వదిలితే ఒక్క ఉదుటున పట్టింది, మింగేటప్పుడు కండ్లు లోపలికి గుంజుకుంది, ఆ కనుగుడ్లే తిండిని గొంతులకు నెడ్తయట, చిన్నోడు ఊపిరి బిగబట్టి చూసిండు. మందు కొట్టిన మడి గట్ల మీది మిడతలు, హిట్ కొట్టిన ఇంటి బొద్దింకలు పెట్టొద్దు. మా చుట్టూ మందు కొట్టని మడి లేదు, రోజూ సాయంత్రం స్కూలు వెనక గడ్డిల తిరిగి పట్టుకొచ్చినం.

తొమ్మిదో రోజు నుంచి రాత్రంతా జాలీకి మూతి కొట్టుకునుడు మొదలుపెట్టింది, మూతి కొస ఎర్రగ ఒరుసుకపోయింది. చిన్నోడే చూసి చెప్పిండు. వాడు ఏడ్చిండు కానీ వద్దనలే. వాన పడుతున్న రాత్రి బాత్రూం వెనక జామచెట్టు దగ్గర మూత తీసినం, పావుగంట కూచొని కొమ్మ మీదికెక్కింది.

వదిలినంక ఒకటి గుర్తొచ్చి మనసు పాడైంది. ఈ కప్పలు నీళ్ల పైన తెల్లటి నురుగు గూడు కట్టి గుడ్లు పెడ్తయ్, పిల్లలు ఆ గూట్ల నుంచి జారి నీళ్లల్ల పడ్తయ్. పోయిన ఏడు మా సిమెంటు తొట్టి లోపలి అంచుకు గట్లాంటి నురుగే ఉంటే సబ్బు నురుగనుకొని బ్రష్ పెట్టి గీకి కడిగిన. ఈ మాట అత్తమ్మకు చెప్పిన. ఏమనలే. ఇయ్యాల పొద్దున నేను బ్రష్ పట్టుకొని పోతుంటే, "ఆ తొట్టి ఉండనియ్ బిడ్డా, వానలు తగ్గినంక కడుగుదాం" అన్నది.