మూడు అక్షాల బల్లకు మోటార్లు ఎంచుకున్న తీరు

పలాస చుట్టుపక్కల జీడి పరిశ్రమల్లో పిక్కలను పరిమాణాన్ని బట్టి వేరుచేసే జల్లెడ రేకులు అరిగిపోయినప్పుడు, కొత్తవి చేయించుకోవడానికి టెక్కలి దగ్గరున్న మా వర్క్‌షాపుకు వస్తుంటారు. నాలుగైదు రేకుల కోసం పంచింగ్ డై (రంధ్రాలు గుద్దే అచ్చు) చేయించడం ఎవరికీ గిట్టదు కనుక, ఇంతకాలం గుర్తులు పెట్టుకుని చేత్తోనే డ్రిల్లింగ్ చేశాము. కిందటేడాది ఈ పనికి మూడు అక్షాల బల్లను (రేకును అడ్డంగా రెండు దిక్కుల్లో, డ్రిల్లును నిలువుగా కదిపే యంత్రాన్ని) సొంతంగా తయారు చేసుకోవాలని తలపెట్టినప్పుడు, ఇనుప చట్రం కంటే మోటార్లు, వాటిని నడిపే కంట్రోలరు ఎంపికకే ఎక్కువ కాలం పట్టింది.

ఖర్చు తగ్గుతుందని మొదట మూడు అక్షాలకూ ఒకే రకం ఓపెన్ లూప్ స్టెప్పర్లు బిగించాము. స్టెప్పరు మోటారు కంట్రోలరు నుంచి పల్సు (చిన్న విద్యుత్ సంకేతం) అందిన ప్రతిసారీ ఒక అడుగు వేయాలి. వేసిందో లేదో తిరిగి చెప్పే ఏర్పాటు దానిలో ఉండదు. ఒకనాడు ఇనుప రజను గైడ్‌వే (బల్ల జారే పట్టా) మీద పేరుకుని బల్ల క్షణకాలం బిగుసుకుంది. కంట్రోలరు లెక్కలో బల్ల గమ్యం చేరింది, నిజానికి రెండు మిల్లీమీటర్లు వెనుకబడింది, ఆ పైన వేసిన వరుసలన్నీ పక్కకు జరిగి రేకు పాత సామానులోకి పోయింది.

సర్వోలే (ఎంత తిరిగాయో గమనిస్తూ సరిదిద్దుకునే మోటార్లు) పెట్టమని కొందరు సలహా ఇచ్చారు. అయితే అడ్డంగా కదిలే రెండు అక్షాల మీద డ్రిల్లు తాకిడి దాదాపు ఉండదు, రేకును ఒక చోటి నుంచి మరొక చోటికి చేర్చడమే వాటి పని. ఐదు మిల్లీమీటర్ల లీడు (ఒక చుట్టుకు బల్ల జరిగే దూరం) గల బాల్ స్క్రూ (మోటారు తిప్పితే బల్లను జరిపే మర) నిమిషానికి 600 చుట్లు తిరిగితే బల్ల నిమిషానికి మూడు మీటర్లు కదులుతుంది, మాకు అంతకు మించి వేగం అక్కరలేదు. స్టెప్పరు బలం వేగం పెరిగేకొద్దీ తగ్గుతుందనేది నిజమే కానీ, ఆ పరిధిలో మా భారానికి సరిపోతుంది. అందుకే ఆ రెండింటికీ ఎన్‌కోడరు (మోటారు ఎంత తిరిగిందో కొలిచే పరికరం) ఉన్న క్లోజ్డ్ లూప్ స్టెప్పర్లు తీసుకున్నాము. బల్ల లెక్క తప్పితే మోటారుకు కరెంటు అందించే డ్రైవరు పరికరం అలారం ఇస్తుంది. ఆ అలారం తీగను కంట్రోలరుకు కలపకపోతే మాత్రం ఎన్‌కోడరుకు పెట్టిన డబ్బు వృథాయే.

డ్రిల్లు తల మోసే నిలువు అక్షం సంగతి వేరు. బాల్ స్క్రూలో ఘర్షణ చాలా తక్కువ కావడం వల్ల కరెంటు పోగానే తల తన బరువుకు తానే కిందికి జారుతుంది. అక్కడ బ్రేకు ఉన్న చిన్న సర్వో పెట్టాము, ఆ ఒక్కచోట బేరమాడలేదు.

మైక్రోస్టెప్పింగు (మోటారు అడుగును ఇంకా చిన్న భాగాలుగా విడగొట్టడం) విషయంలో నేనూ మోసపోయాను. చుట్టుకు 3200 పల్సులు పెడితే ఒక పల్సుకు 0.0016 మిల్లీమీటరు వస్తుంది, కాగితం మీద ఎంతో ముచ్చటగా ఉంటుంది. కానీ మేము కొన్న సీ7 కచ్చితత్వ తరగతి స్క్రూలోనే 300 మిల్లీమీటర్లకు 0.05 మిల్లీమీటరు తేడాకు అనుమతి ఉంది. పైగా ఆ లెక్కన నిమిషానికి మూడు మీటర్ల వేగానికి సెకనుకు 32,000 పల్సులు కావాలి, మొదట వాడిన ఆర్డుయినో ఊనో అనే చిన్న కంట్రోలరు బోర్డు మీది జీఆర్‌బీఎల్ ప్రోగ్రాము హద్దు సుమారు 30,000. చుట్టుకు 1600కు తగ్గించగానే ఆ ఇబ్బంది తీరింది.

తరువాత ఆ బోర్డు స్థానంలో పల్సు అవుట్‌పుట్లు ఉన్న చిన్న పీఎల్‌సీ (ఫ్యాక్టరీ యంత్రాలను నడిపే కంట్రోలరు) పెట్టాము. వంపులు కోయాలంటే అక్షాలన్నీ కలిసి లెక్కప్రకారం కదలాలి, దానికి మోషన్ కంట్రోలరు తప్పదు. రంధ్రాలకు బల్ల చేరి ఆగితే చాలు. బల్ల హద్దు దాటకుండా ఆపే లిమిట్ స్విచ్‌లను మామూలుగా మూసి ఉండే రకంగా కలిపాము, తీగ తెగినా బల్ల ఆగుతుంది.

మా వైపు కరెంటు పోయి రావడం మామూలే కాబట్టి, పూర్తయిన చివరి రంధ్రం సంఖ్యను పీఎల్‌సీలోని చెరగని మెమరీలో రాయిస్తున్నాము. కరెంటు రాగానే బల్ల హోమింగు (మొదటి స్థానానికి వెళ్లి లెక్క సరిచూసుకోవడం) చేసుకుని, ఆపరేటరు బటను నొక్కాక ఆ తరువాతి రంధ్రం నుంచి మొదలుపెడుతుంది.